కుక్క కాలు తర్వాత, ముందు మీ చెయ్యి

ప్రశ్న: డాక్టరు గారూ, అయ్యకోనేరు గట్టు మీద ఆటో గుద్దేసిన ఆడకుక్కను ఇంటికి తెచ్చాను. మెట్ల కింద గోనెపట్టా మీద పడుకోబెట్టాను. వెనక కాలు ఒకటి కింద మోపడం లేదు. ఒంటి మీద సగం బొచ్చు లేదు, ఒకటే గోకుడు. ఎత్తుతున్నప్పుడు దాని పన్ను నా ముంజేతికి గీరుకుని కొంచెం రక్తం వచ్చింది, పసుపు అద్దాను. పాలు పోస్తే తాగి విరేచనాలు చేసుకుంటోంది. ఎదురింటాయన ఒంటికి ఇంజిన్ ఆయిల్ రాయమంటున్నారు. మా అత్తగారేమో ముందు దాన్ని ఎక్కడైనా వదిలేసి రమ్మంటున్నారు. ఏం చెయ్యను?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, ఉత్తరమంతా కుక్క గురించే రాశారు. మీ చేతి గురించి ఒక్క వాక్యం ఉంది, నాకు టెన్షన్ పెట్టింది అదే. పత్రిక వచ్చేదాకా ఆగే పని కాదు కనుక మీకు ముందే ఫోన్ చేయించాం. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

పన్ను గీరుకుని రక్తం వచ్చిందంటే అది కాటు కిందే లెక్క. కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ వద్దు. అటునుంచి అటే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. రక్తం వచ్చిన గాయానికి రేబిస్ టీకా ఒక్కటే చాలదు, గాయం లోపల, చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ క్రిమిని అక్కడికక్కడే అడ్డుకునే సిద్ధం చేసిన యాంటీబాడీల మందు) కూడా వెయ్యాలి. వాళ్లు మరిచిపోతే మీరే అడగండి. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, మొదటి సూది వేసిన రోజే 0. బొడ్డు చుట్టూ 14 సూదులన్నది పాతకాలం మందు, ఇప్పుడు లేదు. కుక్కను పది రోజులు చూసి అప్పుడు టీకా వేయించుకుందాం అనేవాళ్లు మన జిల్లాలో చాలామందే ఉన్నారు. టీకా ఈరోజే మొదలవ్వాలి, కుక్కను గమనించడం దానితో పాటే జరగాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు.

ఇప్పుడు కుక్క. నొప్పితో ఉన్నది ఎంత మంచిదైనా కరుస్తుంది. మూతికి చున్నీ చుట్టి కట్టి, చెక్క మీదికి జరిపి ఎత్తండి. వాంతులో ఆయాసమో ఉంటే మాత్రం మూతి కట్టకూడదు. ఒంటేలు పోస్తోందా లేదా గమనించండి. రెండు వెనక కాళ్లూ ఈడుస్తుంటే వెన్నెముక దెబ్బని అనుమానించాలి. మీది మూడు కాళ్ల మీద నిలబడగలిగితే ఆశ ఉంది. తుంటి ఎముక విరిగినా, ఇరుకు చోట నాలుగైదు వారాలు కదలనివ్వకుండా ఉంచితే చాలా కుక్కలు ఆపరేషన్ లేకుండానే నడుస్తాయి. ఏది విరిగిందో ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. ఊళ్లో పశువుల ఆసుపత్రిలో ముందు చూపించండి, పెద్ద కేసని చెబితే గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి. ఈలోగా ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ మాత్రలు వేయొద్దు. వాటితో కుక్కకు కడుపులో పుళ్లు పడతాయి, కిడ్నీలు పాడవుతాయి.

ఇంజిన్ ఆయిల్ డాక్టరు నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ ఒకాయన ఉండేవారు! ఆ నూనెను కుక్క నాకుతుంది, విషం కడుపులోకి పోతుంది. ఇది బహుశా గజ్జి పురుగు. చర్మం గీకి మైక్రోస్కోపులో చూస్తే తేలిపోతుంది, మందు కూడా ఖరీదైనదేం కాదు. కొన్ని రకాల గజ్జి మనుషులకూ కొన్నాళ్లు దురద తెప్పిస్తుంది. అందుకని మీ అత్తగారి మాట కొట్టిపారెయ్యకండి. కుక్కను ఇంట్లోకి రానివ్వకుండా మెట్ల కిందే ఉంచండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

పాలు ఆపండి. పెరుగన్నమో, ఉడికించిన గుడ్డు కలిపిన అన్నమో కొంచెం కొంచెం నాలుగుసార్లు పెట్టండి. ఉల్లిపాయ, ఉడికిన కోడి ఎముకలు వద్దు. కోలుకున్నాక రేబిస్ టీకా వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఉంచుకోలేకపోతే మళ్లీ ఆ గట్టు మీదే వదలాలి. వీధికుక్కల సంతాన నియంత్రణపై కేంద్రం తెచ్చిన 2023 నిబంధనలు చెప్పేదీ అదే, ఆపరేషన్ అయిన వీధికుక్కను పట్టిన చోటే వదలమని. కొత్త వీధిలో దింపితే అక్కడి కుక్కలు చీల్చేస్తాయి.

ప్రశ్న: కల్వర్టు కింద ఒంటరిగా అరుస్తున్న కుక్కపిల్లను మా అబ్బాయి తెచ్చేశాడు. ఇంకా కళ్లు తెరవలేదు. ఏ పాలు పట్టాలి?
– ఆమదాలవలస నుంచి ఒక తండ్రి

జవాబు: వెంటనే తీసుకెళ్లి ఆ కల్వర్టు కిందే పెట్టించండి బాబూ. తల్లి తిండికి వెళ్లి ఉంటుంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్నది వట్టి మాట. మీరు దూరంగా నిలబడి చూడండి. చీకటి పడినా తల్లి రాకపోతే ఇంటికి తెచ్చి గుడ్డల్లో వెచ్చగా ఉంచండి, చల్లబడిన పిల్లకు పాలు పట్టొద్దు. ముందు వెచ్చబెట్టి, ఆపైన కుక్కపిల్లల పాలపొడి కలిపి సీసాతో బోర్లా పడుకోబెట్టి పట్టండి. వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.