కట్టే ఇంటి పక్కనే 11 నెలల కాపురం

ఇంగ్లండులో ఇల్లు కట్టుకునేవారు స్థలంలోనే స్టాటిక్ కారవాన్ (ఒకచోట నిలిపి ఉంచే, ఇల్లులాంటి పెద్ద బండి) పెట్టుకుని, పని పూర్తయ్యేదాకా అందులో ఉంటారని విన్నాను, విజయవాడ, గుంటూరు ప్రాంతంలో అలా ఉండడం కుదురుతుందా, లేక అద్దె ఇల్లే నయమా అని మీరు అడిగారు. కుదురుతుంది. అవకాశం ఉంటే తప్పకుండా అలాగే ఉండాలని కూడా నా గట్టి అభిప్రాయం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు గుంటూరులో గోరంట్ల వైపున్న మా 5 సెంట్ల స్థలంలో, 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్న పోర్టా క్యాబిన్‌లో (తయారుచేసి తెచ్చి క్రేన్‌తో దించే గదిలో) 2024 మార్చి నుంచి 11 నెలలు కాపురమున్నాం.

అక్కడి కారవాన్‌ల బొమ్మలు చూసి మాత్రం ఇక్కడ ఎంపిక చేసుకోకండి. అక్కడివారికి చలికాలంలో గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టడం బాధ, మనకు రోహిణి కార్తె ఎండ బాధ. పాత ఓడ కంటైనర్ చవకగా వస్తుందని ఎవరైనా చెప్పినా, లోపల వేడిని ఆపే పొర లేని వట్టి ఇనుప డబ్బాను కొనవద్దు. మేము 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య వేడిని ఆపే ఫోమ్ నింపిన పలక) గోడలున్న దాన్ని తీసుకుని, పైకప్పుకు అడుగు ఎత్తున, మధ్యలో గాలి ఆడేటట్లు తాటాకు పందిరి వేయించిన తరువాతే మే నెలలో మధ్యాహ్నం పూట పిల్లలు అందులో పడుకోగలిగారు. బోరు, సెప్టిక్ ట్యాంకు పునాదికంటే ముందే పూర్తి చేయించుకున్నాం కాబట్టి స్నానానికీ మరుగుదొడ్డికీ ఇబ్బంది పడలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది క్యాబిన్ కింద ఉన్న నేల. మాది నల్లరేగడి. క్యాబిన్ తెచ్చినవారు నేలను కాస్త చదును చేసి, ఆరు చోట్ల సిమెంటు దిమ్మెలు పేర్చి, వాటిపై దించి వెళ్లిపోయారు. ఎండాకాలమంతా అది రాయిలా నిలబడింది. 2024 ఆగస్టు 31న కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. మరునాడు విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్‌ను ముంచెత్తిన వాన అది. ఆ రాత్రి ఒంటిగంట ప్రాంతంలో కింద ఏదో విరిగినట్టు శబ్దం వచ్చి, పొయ్యి గట్టు మీది స్టీలు గ్లాసులు ఒక్కొక్కటే దొర్లి కిందపడ్డాయి. పైకప్పు నీరంతా ఒకే మూల కారి, అక్కడి మట్టి బురదై, దిమ్మె దాదాపు జానెడు లోతుకు దిగిపోయింది. చట్రం మెలిపడడంతో తలుపు బిగుసుకుపోయి, ఎంత నెట్టినా కదలలేదు. ఇనుప గది, చుట్టూ నీళ్లు, ఎక్కడైనా తీగ తెగి ఉంటే ఏమవుతుందోనన్న భయంతో ముందు మెయిన్ స్విచ్ కట్టేసి, ఫోన్ వెలుతురులో కిటికీ గ్రిల్ మరలు ఒక్కొక్కటే విప్పి బయటికి దూకాను. గునపంతో తలుపు ఎత్తి తెరిచేసరికి నా చేతులు వణుకుతున్నాయి. పిల్లలను భుజాన వేసుకుని, ఇంకా ప్లాస్టరింగ్ కూడా కాని మా ఇంట్లోకి తీసుకువెళ్లి, సెంట్రింగ్ చెక్కల మీద దుప్పటి పరిచి తెల్లవారేదాకా కూర్చున్నాం. అంత వానలోనూ స్లాబు నుంచి ఒక్క చుక్క కారలేదు.

మరునాడు మేస్త్రి లారీ జాకీతో క్యాబిన్‌ను లేపి, మట్టి రెండడుగులు తీసేసి, గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టించి, పైన కాంక్రీటు వేయించాడు. ఈ పని మొదటిరోజే చేయించుకోవలసింది. మీది నల్ల నేల అయితే తప్పనిసరిగా చేయించండి, పైకప్పు నీటికి గొట్టం పెట్టి దూరంగా వదలండి.

ఇంత జరిగినా నేను క్యాబిన్‌నే సమర్థించడానికి కారణం ఆ కారని స్లాబే. మన దగ్గర ఇళ్లు కారడానికి సిమెంటును తిడతారు గాని, నా దృష్టిలో అసలు లోపం స్లాబు పోశాక దాన్ని తడిగా ఉంచేందుకు నీళ్లు కట్టడంలోనే (క్యూరింగ్‌లోనే) ఉంది. వేడి, పొడి వాతావరణంలో మామూలు సిమెంటుకు కనీసం 10 రోజులు, మనం ఎక్కువగా వాడే పీపీసీకి (బూడిదలాంటివి కలిపిన సిమెంటుకు) 14 రోజులు తడపాలని కాంక్రీటు పనులకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. మేస్త్రి మనిషి ఉదయం ఒకసారి పైపు పట్టి వెళ్లిపోతాడు, పదకొండింటికల్లా స్లాబు తెల్లగా ఎండిపోతుంది. మే చివరలో స్లాబు పోశాక, మేము మట్టితో గట్లు కట్టి నీళ్లు నిలిపి, అవి ఇంకిపోయినప్పుడల్లా, రాత్రి పదింటికి కూడా, నా భార్యో నేనో మెట్లెక్కి నింపేవాళ్లం. నాలుగు కిలోమీటర్ల అవతల అద్దె ఇంట్లో ఉన్న యజమాని ఇది చేయలేడు. పైగా ఏడాదిలోపు ఖాళీ చేస్తామంటే ఇల్లు ఇవ్వడానికే చాలామంది ముందుకు రారు, ఇచ్చినా అడ్వాన్సులో రంగుల ఖర్చు పట్టుకుంటారు. మాకు అంతకుముందు ఆ అనుభవమూ అయింది.

మీ స్థలం ఎంతో మీరు రాయలేదు. 3 సెంట్లే అయితే ఇసుక, కంకర, ఇనుము దించుకున్నాక క్యాబిన్‌కు చోటు మిగలదు కాబట్టి, పక్క ఖాళీ స్థలం యజమానిని ఏడాదికి అడిగి చూడండి. బయానా ఇచ్చేముందు క్రేన్ తిరగడానికి వీధి సరిపోతుందో లేదో, పైన కరెంటు తీగలు అడ్డం వస్తాయో చూసుకోండి, మా వీధిలో తీగల కోసమే క్రేన్ ఒక రోజంతా ఆగవలసి వచ్చింది.