డబ్బా పట్టించలేదు

అమలాపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ టర్బో కారు పెట్రోలులో కలపడానికి రావులపాలెం పెయింట్ల షాపులో పది లీటర్ల టోలీన్, అదే రంగుల్లో కలిపే ద్రావకం, పట్టించి ఉంచమన్నావు. పట్టించలేదు. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మలాగే సగంలో "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సిద్ధాంతం వంతెన దాకా తీసుకెళ్ళావు చూడు, వంతెన దిగాక నాలుగో గేరులో తొక్కిపట్టావు. ఇత్తడి బిందెలో చింతగింజలు వేసి ఊపినట్టు చప్పుడొచ్చింది. పాటల హోరులో నీకు వినబడలేదు. నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ చప్పుడు తగ్గించడానికే నీకు టోలీన్ కావాలి, అంతేగా?

ఆక్టేన్ అంటే పెట్రోలులో ఉండే బలం అనుకుంటారు కుర్రాళ్ళు. కాదురా. ఎంత నొక్కినా, ఎంత వేడెక్కినా, ప్లగ్గు నిప్పు ఇచ్చేదాకా తనంతట తాను అంటుకోకుండా ఉండే ఓర్పు అది. టర్బో గాలిని కుక్కి పంపిస్తుంది కాబట్టి నీ ఇంజనుకి ఆ ఓర్పు ఎక్కువ కావాలి. అది చాలకపోతే ప్లగ్గు వెలిగించిన మంట అంచుకి చేరేలోగా మిగిలిన గాలి-పెట్రోలు మిశ్రమం ఒక్కసారిగా పేలుతుంది. నేను విన్న చప్పుడు అదే. నాక్ సెన్సర్ అది పసిగట్టి టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పు ఇచ్చే క్షణం, వెనక్కి లాగేస్తుంది. అంటే హైదరాబాదులో డబ్బు పోసి ఇంజను కంప్యూటరులో కొత్త ఫైలు ఎక్కించి చేయించుకున్న రీమ్యాప్ ఇక్కడికి వచ్చేసరికి సగం నిద్రపోతోంది. నీ ఫైలు వంద ఆక్టేన్ పెట్రోలుకి రాసింది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకి ప్రమాణం 95. ఇక్కడ బంకులో నువ్వు పోయించింది అదే. తప్పు పెట్రోలుది కాదు.

నీ లెక్క నేనూ వేసి చూశాను. టోలీన్ కలిపితే నూట పదిహేను దగ్గర ఆక్టేన్ ఉన్నట్టు పనిచేస్తుంది. నలభై అయిదు లీటర్ల ట్యాంకులో అయిదు లీటర్లు పోస్తే పెరిగేది రెండు పైచిలుకే. వందకి చేరాలంటే దాదాపు పదకొండు లీటర్లు పొయ్యాలి. కాబట్టి నువ్వు గుణకారం బాగానే చేశావు, సంతోషం.

కానీ టోలీన్ మరిగేది 110 డిగ్రీల దగ్గర. పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే సరుకు పొద్దున్నే స్టార్టు చెయ్యడానికి ఉండాలి, దాన్ని నువ్వు పావు వంతు తగ్గించేస్తున్నావు. ఆవిరి కాని చుక్కలు సిలిండరు గోడ మీద పడి ఆయిలుని కడిగేసి కిందికి జారతాయి. ఇంజను అడుగున సంపులో ఆయిలు పలచబడుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. "ఫార్ములా వన్ రేసుల్లో పోశారు కదా" అంటావు, తెలుసు. 1988లో హోండా టర్బో ఇంజను 84 శాతం టోలీన్, 16 శాతం హెప్టేన్‌తో పరిగెత్తిన మాట నిజమే. అయితే వాళ్ళు ఆ ఇంధనాన్ని ముందుగా వేడిచేసి పంపేవారు, ఇంజను తయారుచేసిందే దానికోసం. నీ దగ్గర ఆ హీటరు లేదు, ఆ కారు నడిపిన సెన్నా అసలే లేడు.

పెయింటు షాపువాడు ఎన్‌సీ థిన్నర్ చూపించి "ఇదీ అదే సార్" అంటాడు. నమ్మకు. అది నాలుగైదు రకాల ద్రావకాల కలగూరగంప, అసిటోన్ ఉంటే రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి. అన్నట్టు సాల్వెంట్లు బండ్లలో పోయకూడదని 2000లోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. పైగా పది లీటర్ల డబ్బా డిక్కీలో వేసుకుని రోహిణి కార్తెలో తిరుగుతావా? ప్లాస్టిక్ డబ్బాలోంచి పోస్తున్నప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు చాలు, నిప్పంటుకోడానికి.

ఈ విషయంలో నేనేమీ శుద్ధపూసని కాదు. ఆ 1988లోనే నా ఆర్‌ఎక్స్ 100లో కలరా ఉండలు వేశాను. అంతర్వేది తీర్థానికి ఫ్రెండ్సుతో పందెం. నాలుగు ఉండలు నలిపి ట్యాంకులో వేస్తే బండి ఎగిరిపోతుందని ఎవడో చెప్పాడు. వెళ్ళేటప్పుడు ఎగిరిందో లేదో తెలీదు, మనసు మాత్రం ఎగిరింది. తిరిగొచ్చాక వారం రోజులు వర్షానికి బండి తియ్యలేదు. కార్బురేటరు బౌల్లో పెట్రోలు ఆవిరైపోయింది, ఆ ఉండల్లోని నాఫ్తలీన్ మాత్రం పూతరేకులా తెల్లగా పేరుకుని పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రం, పైలట్ జెట్, మూసేసింది. రెండు నెలలకి హెడ్ విప్పితే పిస్టను మీద మసి గోరుతో గీకితే వచ్చేంత. ఇప్పుడు దొరికే ఉండల్లో కొన్నిటిలో నాఫ్తలీన్ కూడా ఉండదు, క్లోరిన్ ఉన్న మందు ఉంటుంది. మండితే ఆమ్లమే.

ఇక స్పిరిట్, అంటే ఇథనాల్. మనవైపు డిస్టిలరీలున్నాయి కాబట్టి ఎవడో ఒకడు ఆశపెడతాడు. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువే, కానీ ఇప్పటికే ట్యాంకులో అయిదో వంతు అదే ఉంది. రెక్టిఫైడ్ స్పిరిట్‌లో అయిదు శాతం దాకా నీళ్ళుంటాయి. గోదారి గాలికి తడి ఎలాగూ ఉంది. నీరు మోతాదు మించితే ఇథనాల్‌ని వెంట తీసుకుని అడుక్కి దిగిపోతుంది, పైన మిగిలేది తక్కువ ఆక్టేన్ పెట్రోలు. ఏ ఆక్టేన్ కోసం పోశావో అదే పోయింది. వానాకాలం బండి ఇంట్లో పెట్టి వెళ్ళేటప్పుడు తడిగాలికి చోటు లేకుండా ట్యాంకు నింపి వెళ్ళు.

బజార్లో అమ్మే ఆక్టేన్ బూస్టరు సీసాల మీద "అయిదు పాయింట్లు" అని ఉంటే, చాలావాటిలో పది పాయింట్లంటే ఒక్క ఆక్టేన్. అంటే అర. ప్లగ్గు మొన ఎర్రగా తుప్పు రంగు పట్టిందంటే అది ఇనుము ఉన్న మందు, మళ్ళీ పొయ్యకు.

నేను చెప్పేది ఒకటే. పెట్రోలు మార్చకు, ఫైలు మార్చు. రీమ్యాప్ చేసిన ఆ ట్యూనర్ని 95కి రాసిన మ్యాప్ అడుగు. బూస్ట్, అదే టర్బో గాలి ఒత్తిడి, కొంచెం, టైమింగ్ రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తాడు. నాలుగు గుర్రాలు తగ్గితే తగ్గనీ, మన కాలవ గట్ల మీద అవి నీకు ఎక్కడ పనికొస్తాయి? హైదరాబాదులో వంద ఆక్టేన్ దొరికే బంకు ఉంటే పాత ఫైలు అక్కడికి దాచుకో. రెండూ ఫోన్లోంచే మార్చుకునే సదుపాయం ఉందన్నావు కదా. అదయ్యేదాకా టర్బో అందుకునేంతగా తొక్కకు, పై గేరులో అస్సలు తొక్కకు.

వచ్చే ముందు ప్లగ్గులు విప్పించి, ఏది ఏ సిలిండరుదో పేపరు మీద రాసి దానికే చుట్టి తీసుకురా. కడగకు. మసి చూడాలి.

మీ మావయ్య