అల్లుడికి, వెనకద్దం వైరింగ్ సంగతి

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు పాత బొలెరో కొన్నావని, దాని వెనకద్దానికి డీఫాగర్, అదే అద్దం మీద ఆవిరి పోగొట్టే హీటరు గీతలు, నీ చేత్తో నువ్వే పెట్టుకుంటానంటున్నావని, వైర్లూ రిలే అన్నీ తెచ్చి వరండాలో పరిచేశావని చెప్పి ఒకటే టెన్షన్ పడింది. "ఏం కాదులే అక్కా, చేసుకోనీ" అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. మీ అత్త రెండుసార్లు లేచి, గుండెల్లో మంటగా ఉందా అని అడిగింది. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా ఇది మొదలుపెట్టాను. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటావు, వినవు.

ముందే చెప్తున్నా, నాకు సంతోషంగానే ఉంది. నర్సీపట్నంలో ముప్పై ఏళ్లు ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపాను, నా కొడుకు ఒక్కరోజైనా టెస్టర్ పట్టుకోలేదు. బళ్లో పాఠాలు చెప్పుకునే నువ్వు సొంత బండికి వైరింగ్ చేసుకుంటానంటున్నావు. 2007 మోడల్, ఫోర్ వీల్ డ్రైవ్ అంట కదా. చింతపల్లి బడికి డిసెంబరులో పొద్దున్నే లంబసింగి మీదుగా వెళ్లేవాడికి వెనకద్దం కనపడాలి. ఆ ఊరిని ఊరికే కొర్రబయలు అనలేదు, ఆరుబయట నిలబడితే కొర్రులా బిగుసుకుపోతారని. ఘాట్‌లో ఎదురుగా బస్సొచ్చి, నువ్వు వెనక్కి తీయాల్సి వచ్చినప్పుడు వెనక లోయ ఎక్కడుందో తెలియకపోతే ఎలా? కాబట్టి నీ ఆలోచన మంచిదే.

అసలు పనిలోకి వెళ్లే ముందు ఒకటి. అద్దం ఎందుకు మసకబారుతోందో చూశావా? లోపల మీ ఊపిరితో గాలి తడిగా ఉంటుంది, అది చల్లటి అద్దానికి తగిలి నీరవుతుంది. అది మామూలే. కానీ పాత బండిలో డోర్ రబ్బర్లు పగిలి, వానాకాలంలో కారిన నీళ్లు కార్పెట్ కింద నిలిచిపోయి ఉంటాయి. అరచెయ్యి పెట్టి నొక్కి చూడు. తడి ఉంటే ముందు దాని సంగతి చూడు, లేకపోతే ఎంత హీటర్ పెట్టినా అద్దం ఏడుస్తూనే ఉంటుంది. ఏసీ పనిచేస్తుంటే వేసుకో, గాలిలో తడిని అదీ లాగేస్తుంది.

అద్దం తుక్కు షాపులో దొరికిందన్నావట, పై మోడల్‌ది, గీతలున్నది. మంచిదే. తెచ్చేముందు మీటరు పెట్టి, గీతలు కలిసే రెండు పక్కల రేకుల మధ్య ఓమ్స్, అంటే కరెంటుకి ఎంత అడ్డుందో చూడు, ఒక ఓమ్‌కి అటూ ఇటూగా ఉండాలి. నల్ల ఫిల్ము అంటించి ఉంటే ఆ అద్దం వద్దు. 2012లో సుప్రీంకోర్టు తీసేయమంది కదా, ఇంకా కొన్ని అద్దాలకి అలాగే ఉన్నాయి. లోపలివైపు అంటించిన ఫిల్ము పీకితే దాంతోపాటు గీతలూ లేచొస్తాయి. బ్లేడుతో గీకకు, ఎవడు చెప్పినా సరే.

రిలే గురించి నీకు తెలుసనుకుంటా, స్విచ్చులోంచి వచ్చే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే డబ్బా. ఆ అద్దం 12 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది, డ్యాష్‌బోర్డు స్విచ్చులోంచి అంత కరెంటు పంపితే ప్లాస్టిక్ కరుగుతుంది. రిలే కాళ్లకి నంబర్లుంటాయి: 30కి ఫ్యూజు దాటి వచ్చిన వైరు, 87 నుంచి అద్దానికి, 86కి స్విచ్చు, 85కి ఎర్త్. అయిదు కాళ్ల రిలే ఇచ్చాడేమో చూసుకో, మధ్యలో ఉండే 87ఏకి పొరపాటున కలిపావంటే స్విచ్చు ఆపినప్పుడు అద్దం వేడెక్కుతుంది. స్విచ్చుకి కరెంటు తాళం ఆన్ చేస్తేనే వచ్చే లైన్‌లోంచి తీసుకో. లేకపోతే ఒకరోజు ఆపడం మర్చిపోతావు, సాయంత్రం బడి వదిలాక పిల్లలందరి చేతా బండి తోయించుకుంటావు.

వైరు 4 చదరపు ఎంఎం. 1.5 ఎంఎం చాలని షాపువాడు అంటాడు. చాలదు. ముందు నుంచి వెనక్కి 5 మీటర్లు వెళ్లేసరికి దాదాపు ఒక వోల్టు దారిలోనే తినేస్తుంది, ఆ వేడి అద్దానికి కాకుండా కార్పెట్ కింద వైరుకి పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నెమ్మదిగా చదువు.

1993 జనవరి. షాపు పెట్టి రెండేళ్లు కాలేదు. విజయవాడ ఆటోనగర్‌లో నాలుగేళ్లు పని నేర్చుకుని వచ్చాను, నా అంతవాడు లేడనుకునే రోజులు. చింతపల్లికి సర్వీసు తిప్పే జీపు డ్రైవరొకతను వచ్చి, ముందు రెండు పసుపు ఫాగ్ లైట్లు పెట్టమన్నాడు. ఒక్కోటి 55 వాట్లు, రెండూ కలిపి 9 ఆంపియర్లు. లెక్కగా 15 ఆంపియర్ల గాజు ఫ్యూజు వేశాను. ఎక్కడ వేశాను? డ్యాష్‌బోర్డు కింద, స్విచ్చు పక్కన. పోతే మార్చుకోవడం అతనికి సులువని. బ్యాటరీ నుంచి ఆ ఫ్యూజు దాకా వైరుని, ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్యనున్న రేకులో పాత కన్నమొకటి ఉంటే అందులోంచి లాగాను. కన్నానికి రబ్బరు గ్రామెట్, అంటే రేకు అంచు వైరుని కొయ్యకుండా తొడిగే రింగు, లేదు. సందు చివర షాపులో దొరుకుతుంది, రూపాయో రెండో. సాయంత్రం ఆరయింది, అతను ట్రిప్పుకి తొందరపడుతున్నాడు. వైరుకి నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి తోసేశాను. లైట్లు వెలిగాయి. అతను సంతోషపడి అడిగినదానికన్నా పది రూపాయలు ఎక్కువిచ్చాడు.

పదకొండు నెలలు ఏమీ కాలేదు. నేను మర్చిపోయాను కూడా. డిసెంబరులో ఒక తెల్లవారుజామున ఘాట్ ఎక్కుతుంటే, వెనక ఎనిమిది మంది కూర్చుని ఉండగా, అతని కాళ్ల దగ్గర నుంచి పొగ లేచింది. ఇంజను వేడికి నా టేపు ఎండి ఊడిపోయింది. బండి ఊగిన ప్రతిసారీ రేకు అంచు వైరు మీద ఒక్కో గీటు పెడుతూ వచ్చింది, ఆ రోజుకి లోపలి రాగి రేకుకి తగిలింది. అలా తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు గుమ్మరిస్తుంది, తెలుసా? మధ్యలో ఆపడానికి ఏముంది? ఫ్యూజు రేకుకి అవతల కూర్చుంది. దాని దాకా కరెంటు వస్తే కదా అది తెగడానికి.

జనం దూకేశారు. అతను బానెట్ ఎత్తి, పానా వెతికే టైము లేక, ఎర్రగా కాలుతున్న వైరుని ఉత్త చేత్తో పట్టుకుని పీకేశాడు. మిగతావాళ్లు మట్టి పోశారు. బండి సగం వైరింగ్ బూడిద. మనుషులకి ఏం కాలేదు, అతని కుడిచెయ్యి తప్ప.

నాలుగు రోజుల తర్వాత షాపుకి వచ్చాడు. చేతికి మోచేతి దాకా కట్టు. నేను బల్ల మీద ఏదో సెల్ఫ్ మోటారు విప్పుకుని కూర్చున్నాను. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. ఎడమ చెయ్యి చాపి గుప్పిట విప్పాడు. అందులో గాజు ఫ్యూజు. లోపల తీగ సన్నగా, నిటారుగా, కొత్తదానిలా మెరుస్తోంది.

"మీ ఫ్యూజు బానే ఉంది మేస్త్రీ" అన్నాడు.

అంతే. దాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. వైరింగ్ మళ్లీ ఊరికే చేసిచ్చాను, మందుల ఖర్చు కూడా ఇచ్చాను. అయినా అతను మళ్లీ ఎప్పుడూ నా షాపుకి రాలేదు. ఎదురు షాపుకి వెళ్లేవాడు. గేరు మార్చేటప్పుడు ఆ చెయ్యి పూర్తిగా ముడుచుకునేది కాదు, రోడ్డు ఇవతల నుంచి చూస్తూ ఉండేవాణ్ని.

నీకు గుర్తుండదు. నువ్వు ఒకటో తరగతిలో సెలవులకి వచ్చినప్పుడు గల్లా పెట్టె అడుగున ఆ ఫ్యూజు దొరికింది నీకు. ఇదేంటి మావయ్యా అన్నావు. పాడైపోయిన ఫ్యూజురా అన్నాను. దాన్ని వెలుతురుకి పెట్టి ఒక కన్ను మూసి చూసి, "తీగ తెగలేదుగా" అన్నావు. నీ చేతిలోంచి లాక్కుని ఒక్కటేశాను. ఏడుస్తూ మీ అత్త దగ్గరికి పోయావు. ఎందుకు కొట్టానో ఇప్పుడు తెలిసిందిగా. ఇన్నేళ్లకి చెప్తున్నాను, తప్పు నీది కాదు.

కాబట్టి ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, ప్లస్ లగ్గు నుంచి జానెడు దూరం దాటకూడదు. ఫ్యూజు కాపాడేది అద్దాన్ని అనుకుంటున్నావేమో, అది వైరుకి కాపలా. కాపలావాడు వీధి చివర ఉంటే ఇంటికేం లాభం? 20 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు వెయ్యి. హోల్డర్ కొనేటప్పుడు దాని వైరు నీ 4 ఎంఎం అంత లావుందో లేదో చూడు, చవక రకాలకి నూలుపోగులాంటి వైరు ఉంటుంది, ముందు అదే కాలుతుంది. రేకులో కన్నానికి రబ్బరు గ్రామెట్ వెయ్యి. కొత్త కన్నం చేస్తే అంచు ఆకురాయితో నున్నగా రుద్ది, పెయింటు వేసి, అప్పుడు గ్రామెట్. వైరు మీద స్లీవ్ తొడుగు, కన్నానికి రెండు పక్కలా క్లిప్పు వేసి కదలకుండా కట్టు. గ్రామెట్ దొరకలేదంటే పని ఆపి ఇంటికి పో. టేపు చుట్టావని తెలిస్తే, నీకు ముప్పై రెండేళ్లొచ్చినా సరే, ఇంకొకటేస్తాను.

తలుపు దగ్గర కూడా ఇలాంటిదే ఇంకో గండం ఉంది. బొలెరో వెనక తలుపు పక్కకి తెరుచుకుంటుంది, పైగా స్టెప్నీ బరువు. తీసిన ప్రతిసారీ వైరు వంగుతుంది. సన్న పోగులున్న మెత్తటి వైరు వాడు, రబ్బరు గొట్టంలోంచి పంపు, కొంచెం వదులుగా ఉంచు. తలుపు పూర్తిగా తీసి, పూర్తిగా మూసి, రెండుచోట్లా చేత్తో తడిమి చూడు, బిగుసుకుంటోందా, నలుగుతోందా అని. ఎర్త్ తలుపుకి కలపకు, బందులకి తుప్పూ గ్రీజూ ఉంటాయి, ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చెయ్యదు. ఎర్త్‌కి కూడా అంతే లావు వైరు బాడీ దాకా లాగి, పెయింటు గీకి రేకు మెరిసేలా చేసి, పళ్ల వాషర్ వేసి బిగించు.

వైరు లోపలి నుంచే, గుమ్మం పట్టీ కింద నుంచి తీసుకెళ్లు. బండి కింద నుంచి వద్దు, సైలెన్సర్ ఉంటుంది, రాళ్లుంటాయి. అద్దం రేకులకి టంకం వేస్తే ఇనుము ఎక్కువసేపు ఆనించకు, అద్దం చిట్లుతుంది.

అంతా అయ్యాక, చల్లగా ఉన్న పొద్దుట లోపల కూర్చుని అద్దం మీద ఊపిరి ఊది ఆవిరి పట్టించి, స్విచ్ వెయ్యి. గీతల వెంబడి ఆవిరి చారలు చారలుగా విడిపోతుంది. ఏ గీత దగ్గర విడిపోలేదో అది తెగినట్టు. మీటరుతో చూస్తే గీత మధ్యలో దాదాపు 6 వోల్టులు చూపాలి, ఒక్కసారిగా సున్నాకో 12కో దూకిందంటే తెగింది అక్కడే. అతికించడానికి కరెంటు పారే వెండి పెయింటు దొరుకుతుంది. అద్దం తేటపడగానే ఆపెయ్యి, పది నిమిషాలు చాలు. బండి నిలబెట్టి, హెడ్‌లైట్లూ బ్లోయరూ వేసుకుని ఇది కూడా వేస్తే బ్యాటరీని ఛార్జి చేసే పాత ఆల్టర్నేటర్‌కి భారమే.

చెయ్యి నొప్పెడుతోంది, ఈ మధ్య ఇంత రాయలేదు. మీ అత్త నీకోసం మాగాయ పెట్టింది, సంక్రాంతికి బండి వేసుకునే రా, నాకూ చూడాలనుంది.

పని మొదలుపెట్టేటప్పుడు ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యి. అయ్యాక రెండు ఫొటోలు పంపు, ఒకటి బ్యాటరీ పక్కన ఫ్యూజుది, ఒకటి రేకులో గ్రామెట్‌ది. దగ్గరగా తియ్యి, నా కళ్లు మునుపటిలా లేవు. నేను చూసి ఫోన్ చేసేదాకా నెగటివ్ బిగించకు.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు.

మీ మావయ్య