తనిఖీకి బయలుదేరే ముందు

చిరంజీవి అమ్మాయికి,

సోమవారం మండల విద్యాధికారిగా చేరుతున్నావని తెలిసి కడుపు నిండిపోయింది. మొదటి నెలంతా బడులు తిరుగు, కానీ తప్పులు రాసుకోవడానికి మాత్రం వెళ్లకు.

ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో, పాఠ్య ప్రణాళికలు రాయలేదని ఒక ఉపాధ్యాయురాలికి మెమో ఇచ్చాను. తోటి ఉపాధ్యాయుడు దీర్ఘకాలిక సెలవులో ఉంటే ఐదు తరగతులూ ఆమె ఒక్కతే మోస్తోందని నెలల తర్వాత తెలిసింది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "మీరు అడగలేదు కదా మేడమ్" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఎల్లా ఫ్లాగ్ యంగ్ గురించి చదివింది ఆ తర్వాతే. 1862లో పదిహేడేళ్ల వయసులో షికాగోలో పంతులమ్మగా చేరిన ఆవిడ, 1909లో ఆ నగరంలోని బడులన్నిటికీ సూపరింటెండెంట్ అయ్యారు. అమెరికాలో అంత పెద్ద నగరంలో ఆ కుర్చీ ఒక స్త్రీకి దక్కడం అదే మొదలు. అయితే నా మనసును పట్టుకున్నది ఆ పదవి కాదు, ఆవిడ నిలబెట్టిన ఉపాధ్యాయ మండళ్లు. ఏం బోధించాలో, ఎలా బోధించాలో తరగతి గదిలో ఉన్నవాళ్లే చర్చించి పైకి చెప్పాలన్నారు. యాభై దాటాక విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ దగ్గర పరిశోధన చేసి 1900లో డాక్టరేట్ పొందారు. అదీ బడిలో మనుషులు ఒంటరులు కావడం గురించే!

నువ్వూ, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో సర్క్యులర్లు చదివి పూట గడపకు. మొదటి గంట వాళ్లకు వదిలి, వెనక వరుసలో కూర్చో. అందరికన్నా కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టించు. ప్రధానోపాధ్యాయులు మాట్లాడాక వాళ్లు నోరు విప్పరు. అడిగింది చేయలేకపోతే, ఎందుకు కాలేదో తర్వాతి సమావేశంలో నువ్వే చెప్పు. ఇది మరిచావంటే మూడోసారి ఎవరూ ఏమీ అడగరు.

ఊళ్లోని తల్లులతోనూ పరిచయం పెంచుకో. 1913లో నగర విద్యా బోర్డుతో పేచీ వచ్చి యంగ్ పదవి వదులుకున్నప్పుడు షికాగో మహిళలు గట్టిగా నిలదీశారు. చివరికి బోర్డు మళ్లీ ఆవిడనే నియమించింది. 1915లో విరమించాక కూడా ఆవిడ ఇంట్లో కూర్చోలేదు. యుద్ధ రుణ పత్రాల ప్రచారంలో తిరుగుతూ 1918 అక్టోబరులో ఇన్‌ఫ్లుయెంజాతో కన్నుమూశారు. అప్పటికి డెబ్బై మూడేళ్లు.

చేరిన రోజే మీ మండలంలో ఏకోపాధ్యాయ బడులు ఎన్నో జాబితా తీయించు. ఎవరైనా దీర్ఘకాలిక సెలవులో ఉన్న బడులనూ అందులో కలుపు. ముందు వాటికే వెళ్లు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ