"ఏర్పరచబడిన శిశువులు" అంటే ఎవరు?

ప్రశ్న: వందనాలు. మా సంఘంలో ఒక సహోదరికి పుట్టిన బిడ్డ బాప్తిస్మం పొందకముందే, మూడో రోజున ప్రభువు నొద్దకు వెళ్లింది. వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణంలో "ఏర్పరచబడిన శిశువులు", అంటే రక్షణ కోసం దేవుడు ముందే ఎంచుకున్న శిశువులు, రక్షింపబడతారని ఉంది గనుక ఏర్పరచబడని శిశువులు నశిస్తారని ఒకరు వాదిస్తున్నారు. అది, ఎవరు రక్షింపబడతారో దేవుడే ముందు నిర్ణయించాడన్న సంస్కర్త కాల్విన్ బోధలోని క్రూరత్వమని ఇంకొకరు అంటున్నారు. ఎవరిది సరైన మాట?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: ఆ ఇద్దరూ ఆ పేరాను ముందువెనుకలు చూసి చదివినట్టు లేదు. 1646లో లండన్‌లో సిద్ధమై, ప్రెస్బిటేరియన్ సంఘాలు అనుసరించే ఆ ప్రమాణపు పదో అధ్యాయం దేవుని పిలుపును గురించినది. వాక్యం విని విశ్వసించడం ద్వారానే రక్షణ కలిగితే, వినే శక్తే లేనివారి గతి ఏమిటన్న ప్రశ్న అక్కడ సహజంగా పుడుతుంది. శైశవంలో చనిపోయే ఏర్పరచబడిన శిశువులను క్రీస్తు తన ఆత్మ ద్వారా తిరిగి జన్మింపజేసి రక్షిస్తాడని, వాక్యపు పిలుపు అందుకోలేని ఇతర ఏర్పరచబడినవారి విషయమూ అంతేనని మూడో పేరా చెబుతుంది. రక్షణ ఏ విధంగా కలుగుతుందో చెప్పిందే గాని, అలా చనిపోయినవారందరూ ఏర్పరచబడినవారా, కొందరేనా అన్నది తేల్చలేదు. ఆ కాలపు పండితుల్లో కొందరు అందరూ కాదనే నమ్మారన్న సంగతిని దాచనక్కరలేదు. అయినా ఆ నమ్మకాన్ని ప్రమాణంలోకి ఎక్కించలేదు. 1903లో అమెరికాలోని ఉత్తర ప్రెస్బిటేరియన్ సంఘం, శైశవంలో మరణించిన ఏ బిడ్డా నశిస్తుందని ఈ పేరా బోధిస్తున్నట్టు తీసుకోకూడదని అధికారికంగా ప్రకటించింది.

ఇక క్రూరత్వం మాట. కాల్విన్ మార్గపు ఏర్పాటు బోధను వ్యతిరేకించిన ఆర్మీనియస్ అనుచరులకు జవాబుగా 1618–19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో కూడిన కాల్విన్ మార్గపు మహాసభ, శైశవంలో దేవుడు తీసుకున్న తమ బిడ్డల ఏర్పాటును, రక్షణను భక్తిగల తల్లిదండ్రులు సందేహించకూడదని రాసిపెట్టింది. విశ్వాసుల పిల్లలను తల్లి రొమ్ము నుండి లాగి నరకంలో పడవేస్తారన్నది తమ బోధ కాదని, తమపై వేసిన నింద అని ముగింపులో ఖండించింది కూడా. ఏర్పాటును గట్టిగా నమ్మిన ఇంగ్లండ్ బాప్తిస్టు ప్రసంగీకుడు స్పర్జన్ అయితే 1861లో, శైశవంలో చనిపోయినవారందరూ రక్షింపబడతారని ప్రసంగించాడు. బాప్తిస్మం లేని శిశువుకు తేలికపాటిదే అయినా శిక్ష ఉంటుందన్న ఆలోచన కాల్విన్‌కు వెయ్యేళ్లకు పైగా ముందే ప్రాచీన సంఘ పండితుడైన అగస్టీనులో ఉంది. ఆ మాటలోని కాఠిన్యాన్ని తగ్గించడానికే మధ్యయుగపు కతోలిక పండితులు బాధ లేకపోయినా దేవుని దర్శన భాగ్యమూ లేని లింబో అనే స్థితిని ఊహించారు. అది సిద్ధాంతంగా ఎన్నడూ స్థిరపడలేదు. అలాంటి శిశువుల రక్షణను ఆశించడానికి బలమైన కారణాలున్నాయని 2007లో వాటికన్ వేదాంత కమిషన్ రాసింది.

ఏర్పాటును తోసిపుచ్చినంత మాత్రాన చిక్కు తీరిపోదు. మనిషి స్వేచ్ఛగా అంగీకరిస్తేనే రక్షణ అనేవారు, అంగీకరించే వయసే రాని బిడ్డ దగ్గరికి వచ్చేసరికి తమ నియమాన్ని పక్కన పెట్టి కృపనే ఆశ్రయించక తప్పదు. కాల్విన్ వారసులైన ప్రెస్బిటేరియన్లు, ముందు నిర్ణయానికి వ్యతిరేకంగా 1739లోనే ప్రసంగించిన వెస్లీ వారసులైన మెథడిస్టులు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో ఒకటయ్యారు; మన ఊళ్లలో ఈ రెండు వంశాలవారూ ఒకే బల్లపై కూర్చుంటున్నారు.

ఇద్దరూ పుట్టకముందే దేవుడు ఒకరిని ఏర్పరచుకున్నాడన్న, రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయంలోని యాకోబు ఏశావుల ప్రస్తావనను ఈ వాదంలోకి లాగడం నాకు సమ్మతం కాదు. వారిద్దరూ పెరిగి పెద్దవారైనవారే. చనిపోయిన బిడ్డను గూర్చి సూటిగా పలికిన మాట 2 సమూయేలు 12:23లో ఉంది: తానే బిడ్డ దగ్గరికి వెళ్తాడు గాని బిడ్డ తన దగ్గరికి తిరిగి రాడని దావీదు అన్నాడు. ఆ మాట సమాధిని ఉద్దేశించిందే కావచ్చునని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. అయినా అది అన్నాక దావీదు బత్షెబను ఓదార్చాడని మరుసటి వచనం చెబుతోంది. ఆ బిడ్డ ఏడవ దినాన చనిపోయాడు. కొందరు చదివినట్టు అది పుట్టిన దినం నుండి లెక్కించినదైతే, దేవుని నిబంధనకు గుర్తుగా ఎనిమిదో దినాన జరగవలసిన సున్నతి ఆ బిడ్డకు జరగనే లేదు. బాప్తిస్మం అందలేదని కుమిలిపోతున్న మీ సహోదరికి ముందుగా ఈ అధ్యాయం చదివి వినిపించండి.