విడి నెట్‌వర్క్‌లో ఉన్న ప్రింటర్‌ను మధ్య కంప్యూటర్ ద్వారా ఎస్‌ఎన్‌ఎంపీతో అడగడం ఎలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: ప్రింటర్ ఒక చిన్న విడి నెట్‌వర్క్‌లో ఉంది. దాన్ని చూడగలిగేది రెండు నెట్‌వర్క్ కార్డులున్న ఒక్క లినక్స్ కంప్యూటరే. మానిటరింగ్ సర్వర్ అవతలి వైపు ఉంది. టోనర్ ఎంత మిగిలిందో, ఎన్ని పేజీలు ప్రింటయ్యాయో ఆ సర్వర్‌కు తెలియాలి. ఎస్‌ఎన్‌ఎంపీ అంటే నెట్‌వర్క్‌లోని పరికరాలను వాటి వివరాలు అడిగి తెలుసుకునే పద్ధతి, ఆ ప్రశ్నలు 161 పోర్టుకు వస్తాయి. మధ్య కంప్యూటర్‌లో ఆ 161 పోర్టును దాని సొంత ఎస్‌ఎన్‌ఎంపీ సర్వీసు ఇప్పటికే పట్టుకుని కూర్చుంది. మరి ప్రశ్న ప్రింటర్ దాకా వెళ్లేదెలా?

జవాబు ముందే చెప్పేస్తాను. ప్యాకెట్లను అటు నెట్టే ఆలోచన పక్కనపెట్టి, ఆ 161 మీద నడుస్తున్న సర్వీసుకే ప్రాక్సీ పని, అంటే సర్వర్ తరఫున తానే ప్రింటర్‌ను అడిగి జవాబు అందించే పని, అప్పగించండి. లినక్స్‌లో ఆ సర్వీసు చాలావరకు నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ ప్యాకేజీలోని ఎస్‌ఎన్‌ఎంపీడీయే అయి ఉంటుంది. దానిలో ఈ సదుపాయం ఉంది. అసలు ఎస్‌ఎన్‌ఎంపీ ప్రమాణాల్లోనే, 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3413లో, ప్రాక్సీ ఫార్వర్డర్ అనే పాత్రను విడిగా పేర్కొన్నారు. నాకు సరిగ్గా ఇదే అవసరం పడింది. ఈ దారి పట్టేసరికి మూడు రోజులు పోయాయి. ఎక్కడెక్కడ చిక్కుకున్నానో చెబితే మీకు ఆ టైము మిగులుతుంది.

నేను మొదట ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (మధ్య కంప్యూటర్ మీదుగా ఒక పోర్టును అవతలికి చేర్చే రహస్య దారి) వేశాను. వెబ్ పేజీలకూ డేటాబేసులకూ రోజూ వాడేదే కదా అని చెయ్యి అటే పోయింది. టన్నెల్ ఎక్కడా ఎర్రర్ ఇవ్వకుండా లేచింది, కానీ ఎన్నిసార్లు అడిగినా టైమవుట్. కారణం ఒకటే: ఎస్‌ఎన్‌ఎంపీ ప్రశ్నలు విడి ప్యాకెట్లుగా పంపే యూడీపీ మీద వెళతాయి, ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ ఫార్వర్డింగ్ కనెక్షన్ పెట్టుకుని పంపే టీసీపీని మాత్రమే మోస్తుంది. మధ్య కంప్యూటర్ విండోస్ అయితే పోర్టును తిప్పే నెట్‌ష్ పోర్ట్‌ప్రాక్సీ కమాండు గుర్తొస్తుంది, అదీ టీసీపీకే. రెండు చివర్లా సోక్యాట్ అనే చిన్న ప్రోగ్రామ్ పెట్టి యూడీపీని టీసీపీలోకి, మళ్లీ టీసీపీని యూడీపీలోకి మార్చవచ్చు. నేనూ మార్చి చూశాను, ఒక్కో ప్రశ్నకు జవాబొచ్చింది. కానీ టీసీపీకి ప్యాకెట్ హద్దులు తెలియవు, అది ఒకే ధార. వెంటవెంటనే రెండు ప్రశ్నలు వెళితే అవి అతుక్కుపోవచ్చు. పైగా టైమవుట్ ఆప్షన్ పెట్టకపోతే ఒక్కో ప్రశ్నకూ పుట్టిన సోక్యాట్ ప్రాసెస్ అలాగే మిగిలిపోతుంది. ఒక పూట పరీక్షకు ఇది చాలు. ఏడాది పొడవునా నడవాల్సిన మానిటరింగ్‌ను మాత్రం దీని మీద ఆధారపడనివ్వను.

తర్వాత లినక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌తో డీన్యాట్ (వచ్చిన ప్యాకెట్ చేరాల్సిన అడ్రసు మార్చి మరోచోటికి పంపడం) పెట్టాను. మధ్య కంప్యూటర్ అడ్రసు 10.0.0.5, సర్వర్ 10.0.0.20, ప్రింటర్ 192.168.50.10 అనుకోండి. 10.0.0.5 మీద 1161 పోర్టుకు వచ్చిన యూడీపీని ప్రింటర్ 161కి తిప్పాను. ఒక కార్డు నుంచి మరో కార్డుకు ప్యాకెట్లు దాటనిచ్చే ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చేశాను. మళ్లీ టైమవుటే. రెండో కార్డు మీద ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ పెట్టి చూస్తే ప్రశ్న ప్రింటర్ వైపు వెళుతూ కనిపించింది, జవాబు మాత్రం లేదు. ప్రింటర్‌కు గేట్‌వే ఇవ్వలేదు. దానికి తన చిన్న నెట్‌వర్క్ తప్ప మరో లోకం తెలియదు. 10.0.0.20 నుంచి ఎవరో అడిగితే జవాబు ఏ దారిన పంపాలో దానికెలా తెలుస్తుంది? పోస్ట్‌రౌటింగ్‌లో, పంపినవారి అడ్రసు మార్చే మాస్కరేడ్ రూలు చేర్చాక ప్రశ్న మధ్య కంప్యూటర్ నుంచే వచ్చినట్టు కనిపించి, ప్రింటర్ వెంటనే పలికింది.

అంటే డీన్యాట్ పని చేస్తుంది. అయినా వదిలేశాను. ఆ ప్రింటర్‌ను విడి నెట్‌వర్క్‌లో పెట్టిందే దాని జోలికి ఎవరూ రాకూడదని. ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చేసి, ఏవి దాటవచ్చో చెప్పే ఫైర్‌వాల్ రూళ్లను (ఫార్వర్డ్ చెయిన్) వదిలేస్తే, రెండు నెట్‌వర్క్‌ల మధ్య గోడకు మనమే కన్నం పెట్టినట్టు. ఆ చెయిన్‌ను గట్టిగా బిగించవచ్చు, నిజమే. కానీ డీన్యాట్‌కు ప్యాకెట్ లోపల ఏముందో పట్టదు. చదివే ప్రశ్నా, సెట్టింగ్ మార్చే ఆదేశమా అన్న తేడా లేకుండా రెండింటినీ దాటిస్తుంది. నా ప్రింటర్‌లో మార్పులకు కూడా ఫ్యాక్టరీలో పెట్టిన కమ్యూనిటీ పేరే (ప్రశ్నతో పాటు చెప్పాల్సిన గుర్తు మాట) ఉంది. ఎవరైనా దూరం నుంచే దాని నెట్‌వర్క్ అడ్రసు మార్చేయగలరన్నమాట. అది చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక ప్రాక్సీ. ఎస్‌ఎన్‌ఎంపీడీ కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక్క వరుస చేర్చాలి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, ఫైల్లో ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేయండి:

ప్రాక్సీ -వీ 1 -సీ పబ్లిక్ 192.168.50.10 .1.3.6.1.2.1.43

ఎస్‌ఎన్‌ఎంపీలో ప్రతి వివరానికీ ఇలా చుక్కలతో విడదీసిన అంకెల పేరు ఉంటుంది, అవన్నీ ఒక చెట్టు కొమ్మల్లా అమరి ఉంటాయి. 43వ కొమ్మ కిందికి ఏ ప్రశ్న వచ్చినా, వెర్షన్ 1లో, పబ్లిక్ అనే కమ్యూనిటీతో ఆ ప్రింటర్‌ను అడిగి, వచ్చిన జవాబు అందించమని దీని అర్థం. 43 అంటే ప్రింటర్ మిబ్, అంటే ప్రింటర్‌ను అడగదగ్గ వివరాల జాబితా. 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1759గా వచ్చింది, 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3805గా కొత్త రూపు దిద్దుకుంది. టోనర్, పేజీల లెక్క, ట్రేలు, మూతలు అన్నీ దాని కిందే ఉంటాయి. కంప్యూటర్ సొంత వివరాలు ఎప్పట్లాగే వస్తుంటాయి, ఈ ఒక్క కొమ్మ మాత్రం ప్రింటర్ పలుకుతుంది. కొత్త పోర్టు అక్కర్లేదు, ఐపీ ఫార్వర్డింగ్ అక్కర్లేదు.

సర్వీసును రీస్టార్ట్ చేశాక కూడా నాకు జవాబు రాలేదు. ఈసారి తేడా ఏమిటంటే టైమవుట్ కాకుండా "నో సచ్ ఆబ్జెక్ట్" అని వచ్చింది. ఈ రెండింటి తేడా మనసులో పెట్టుకోండి. టైమవుట్ అంటే అవతల ఎవరూ పలకలేదు. నో సచ్ ఆబ్జెక్ట్ అంటే ఎవరో విన్నారు, కానీ ఆ వస్తువు తమ దగ్గర లేదనో మీకు చూపించమనో అంటున్నారు. డెబియన్, ఉబుంటుల్లో ఎస్‌ఎన్‌ఎంపీడీతో వచ్చే ఫైల్లో కమ్యూనిటీని సిస్టమ్‌ఓన్లీ అనే వ్యూకు (ఏ కొమ్మలు చూపించవచ్చో చెప్పే జాబితాకు) కట్టేసి ఉంచుతారు. ఆ వ్యూలో 1.3.6.1.2.1.1, 1.3.6.1.2.1.25.1 అనే రెండు కొమ్మలే ఉంటాయి. 43 అందులో లేదు కాబట్టి ప్రాక్సీ వరుస ఎంత సరిగా ఉన్నా ప్రశ్న గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. వ్యూలో 43ను చేర్చాలి. అదే ఫైల్లో ఏజెంట్ అడ్రసు (సర్వీసు ప్రశ్నలు వినే అడ్రసు) 127.0.0.1, అంటే ఆ కంప్యూటర్ లోపలి నుంచే, అని ఉంటుంది, అది మార్చకపోతే బయటి నుంచి ఎవరు అడిగినా టైమవుటే. మీ సర్వీసు ఇప్పటికే సర్వర్‌కు జవాబిస్తుంటే ఈ రెండోది మీరు దాటేసినట్టే.

టోనర్ రాగానే ఆశ పెరిగింది. ప్రింటర్ ఖాళీగా ఉందా, పనిలో ఉందా, పేపరు ఇరుక్కుందా అన్నదీ కావాలనిపించింది. అది 43 కింద కాక 1.3.6.1.2.1.25.3.5 కింద, హోస్ట్ రిసోర్సెస్ మిబ్‌లో ఉంటుంది. చిక్కేమిటంటే 25వ కొమ్మ కంప్యూటర్‌కు కూడా సొంతమే, డిస్కులూ ప్రాసెసర్లూ అన్నీ అక్కడే. ఒకే కొమ్మకు ఇద్దరు యజమానులు ఉంటే వచ్చే జవాబు ఎవరిదో నమ్మలేం. రెండో ప్రింటర్ కొన్నప్పుడు 43 దగ్గరా ఇదే తగాదా.

దీనికి మందు కాంటెక్స్ట్, అంటే ఒక్కో పరికరం చెట్టుకు విడిగా పెట్టే పేరు. ఏ అడ్రసు నుంచి ఏ కమ్యూనిటీతో అడగవచ్చో చెప్పే కమ్2సెక్ వరుసలో -సీఎన్ ఆప్షన్‌తో, ఫలానా కమ్యూనిటీతో వచ్చిన ప్రశ్న ప్రింటర్1 అనే కాంటెక్స్ట్‌కు చెందుతుందని చెప్పాలి. ప్రాక్సీ వరుసలోనూ అదే -సీఎన్ ప్రింటర్1 పెట్టి, చివర 43 బదులు .1.3 అని మొత్తం చెట్టు ఇచ్చేయాలి. గ్రూప్, వ్యూ, యాక్సెస్ వరుసలు కూడా కావాలి. యాక్సెస్ వరుసలో కాంటెక్స్ట్ పేరు రాయడం మరచిపోయి నేను గంటసేపు వెతుక్కున్నాను. అదే వరుసలో రాసే హక్కు దగ్గర నన్ (ఏదీ వద్దు) అని పెట్టండి, మార్చే ఆదేశాలు అక్కడే ఆగిపోతాయి. ఇప్పుడు సర్వర్ ఏ కమ్యూనిటీతో అడిగితే ఆ ప్రింటర్ పలుకుతుంది, మామూలు కమ్యూనిటీతో అడిగితే కంప్యూటర్ పలుకుతుంది. ఒకే అడ్రసు, ఒకే పోర్టు. ఇది కుదిరిన రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

కమ్2సెక్‌లో సోర్స్ దగ్గర సర్వర్ అడ్రసు ఒక్కటే రాయండి, డిఫాల్ట్ అని వదిలేయొద్దు. వెర్షన్ 1, 2సీల్లో కమ్యూనిటీ పేరు వైరు మీద ఏ దాపరికమూ లేకుండా పోతుంది, దాన్ని పాస్‌వర్డ్ అనుకోకూడదు. ప్రాక్సీని నేను గట్టిగా సమర్థించేది కూడా ఇందుకే: పాత ప్రింటర్‌కు వెర్షన్ 1 తప్ప రాకపోయినా, సర్వర్‌కూ మధ్య కంప్యూటర్‌కూ నడుమ వెర్షన్ 3 పెట్టి ఎన్‌క్రిప్ట్ చేసుకోవచ్చు. రక్షణ లేని మాటలన్నీ ఆ చిన్న నెట్‌వర్క్ లోపలే ఉండిపోతాయి. ప్రింటర్‌కే వెర్షన్ 3 వచ్చి, సర్వర్ నుంచి ప్రింటర్ దాకా ఎక్కడా విప్పకుండా వెళ్లాలని మీరు పట్టుబడితే మాత్రం డీన్యాటే సరైనది.

టైమవుట్ల సంగతి విడిగా చెప్పాలి. నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ మామూలుగా 1 సెకను చూసి, జవాబు రాకపోతే మరో 5 సార్లు అడుగుతుంది. నా ప్రింటర్ నిద్రలో ఉంటే మొదటి జవాబుకు 2, 3 సెకన్లు తీసుకుంటుంది. ఈలోగా సర్వర్ ఓపిక నశించి మళ్లీ మధ్య కంప్యూటర్‌ను అడుగుతుంది, అది మళ్లీ ప్రింటర్‌ను అడుగుతుంది, ప్రశ్నలు పోగుపడతాయి. లోపలి గడువు కన్నా బయటి గడువు ఎప్పుడూ ఎక్కువ ఉండాలి. నేను ప్రాక్సీ వరుసలో -టీ 3 -ఆర్ 1 పెట్టాను, అంటే 3 సెకన్లు చూసి మరొక్కసారి అడగడం, ఎక్కువలో ఎక్కువ 6 సెకన్లు. సర్వర్‌లో 8 సెకన్లు పెట్టి మళ్లీ అడగడం ఆపేశాను. నిమిషానికోసారి అడగడం కూడా మానేశాను. టోనర్ నిమిషాల్లో అయిపోయేది కాదు, గంటకోసారి చాలు. స్థితిని 5 నిమిషాలకోసారి అడుగుతున్నాను.

వచ్చే అంకెలను అలాగే గ్రాఫులో పెట్టేయకండి. టోనర్ మట్టం 1.3.6.1.2.1.43.11.1.1.9 కింద, దాని పూర్తి సామర్థ్యం అదే వరుసలో 8 కింద, పేరు 6 కింద ఉంటాయి. మట్టం 4200, సామర్థ్యం 12000 వస్తే 35 శాతం. కానీ మట్టం దగ్గర మైనస్ 3 వస్తే కొంత మిగిలి ఉందని, ఎంతో చెప్పలేనని ప్రింటర్ అంటోంది. మైనస్ 2 అంటే తెలియదు. నా దగ్గర మైనస్ 3ను శాతంగా మార్చేసి టోనర్ అయిపోయిందని వరసగా అలర్టులు వచ్చాయి, నిండు కార్ట్రిడ్జిని విప్పి చూసేదాకా విషయం తెలియలేదు. సామర్థ్యం దగ్గర కూడా మైనస్ 2 రావచ్చు, భాగించే ముందు చూసుకోండి. మొత్తం పేజీల లెక్క చాలా ప్రింటర్లలో 1.3.6.1.2.1.43.10.2.1.4.1.1 దగ్గర దొరుకుతుంది.

మీరు ప్రస్తావించలేదు గానీ, ప్రింటింగ్ కోసం 9100 పోర్టును కూడా ఇదే కంప్యూటర్ మీదుగా తిప్పుతుంటే ఒకటి గమనించండి. విండోస్‌లో స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టు సెట్టింగుల్లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ టిక్కు ఉంటే, అది ప్రింటర్ స్థితిని మధ్య కంప్యూటర్ అడ్రసునే అడుగుతుంది. సరైన జవాబు రాకపోతే, ప్రింట్లు చక్కగా వస్తున్నా ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. ఆ టిక్కు తీసేస్తే సరిపోతుంది. లేదా అక్కడి కమ్యూనిటీ పేరును మీ ప్రింటర్ కాంటెక్స్ట్‌దిగా మార్చి, ఆ కంప్యూటర్ అడ్రసును కూడా కమ్2సెక్‌లో చేర్చాలి.

మొదలుపెట్టే ముందు మధ్య కంప్యూటర్ మీద కూర్చుని ప్రింటర్‌ను నేరుగా ఎస్‌ఎన్‌ఎంపీవాక్ అనే కమాండుతో 1.3.6.1.2.1.43 అడగండి. అక్కడ జవాబు రాకపోతే ప్రాక్సీతో పని లేదు, ప్రింటర్ సెట్టింగుల్లో ఎస్‌ఎన్‌ఎంపీ ఆన్‌లో ఉందో, కమ్యూనిటీ పేరు మార్చారో చూడాలి. వస్తే ప్రాక్సీ వరుస చేర్చి, అదే కంప్యూటర్ నుంచి 127.0.0.1ను అడగండి. ఈ పరీక్ష కోసం కమ్2సెక్ సోర్స్‌లో లోకల్‌హోస్ట్‌నూ (అదే కంప్యూటర్‌ను) అనుమతించి ఉండాలి సుమా. అదీ వస్తే అప్పుడు సర్వర్ నుంచి. ఎక్కడ ఆగిందో, అక్కడ వచ్చింది టైమవుటా, నో సచ్ ఆబ్జెక్టా రాయండి. కాన్ఫిగరేషన్ వరుసలు కూడా పెట్టండి, కమ్యూనిటీ పేర్లు మాత్రం చెరిపేసి.