మూడు లక్షల లీటర్ల కుంటలో నిజంగా ఎన్ని నీళ్లుంటాయి?

ప్రశ్న: 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతుతో పొలంలో నీటి కుంట తవ్వించాను. మూడు లక్షల లీటర్లు పడతాయన్నారు. ఎకరం మొక్కజొన్నకు 50 మిల్లీమీటర్ల తడి ఇమ్మంటున్నారు. నీళ్లకు ఈ మిల్లీమీటర్ల లెక్కేమిటి? కుంట నీళ్లు ఒక తడికి సరిపోతాయా?
– ఒక రైతు

జవాబు: చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీరు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. వాననూ తడినీ మిల్లీమీటర్లలో చెప్పేది ఇందుకే. పొలం ఎంతున్నా దాని విస్తీర్ణంతో గుణిస్తే లీటర్లు వచ్చేస్తాయి. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి 50 మిల్లీమీటర్ల తడికి రెండు లక్షల లీటర్ల పైమాటే. వెయ్యి లీటర్లు ఒక ఘనపు మీటరు. పెద్ద లెక్కలకు అదే వాడండి, సున్నాల దగ్గర తప్పు దొర్లదు. మీ తడికి కావలసింది 202 ఘనపు మీటర్లు.

ఇక కుంట సంగతి. మీకు చెప్పిన లెక్క గోడలు నిట్టనిలువుగా ఉన్న తొట్టికి సరిపోతుంది. మట్టి కుంటకు పక్కలు వాలుగా తీయకపోతే కూలిపోతాయి. వాలు ఎంతో మీరు రాయలేదు. 1:1 అనుకుందాం. మీటరు దిగినకొద్దీ నాలుగు వైపులా మీటరు చొప్పున లోపలికి వస్తుంది, అడుగున మిగిలేది 4 మీటర్ల చదరమే. పై వైశాల్యం 100, నడి లోతులో 7 మీటర్ల చదరం కాబట్టి 49, దానికి నాలుగు రెట్లు 196, అడుగున 16. మొత్తం 312. దీన్ని ఆరుతో భాగించి, 3 మీటర్ల లోతుతో గుణిస్తే 156 ఘనపు మీటర్లు. మీకు చెప్పినదానిలో దాదాపు సగం! ఎకరమంతా పారిస్తే 38 మిల్లీమీటర్లకు మించి అందదు. నేలలోకి ఇంకిపోయేదీ, ఆవిరయ్యేదీ ఇందులోంచే పోవాలి. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైనా, నిండు కుంటలో 500 లీటర్లు పోయినట్టే.

ఇంకొకటి. పై మీటరులోనే 81 ఘనపు మీటర్లుంటాయి, అట్టడుగు మీటరులో 25 మాత్రమే. మట్టం ఒక్క మీటరే తగ్గింది, ఇంకా రెండు మీటర్లుంది కదా అని ధీమాగా ఉండకండి. అప్పటికే సగానికి పైగా ఖాళీ అయిపోయి ఉంటుంది.

మోటారు పోసే నీటినీ కొలవండి. 20 లీటర్ల బకెట్ 8 సెకన్లలో నిండితే సెకనుకు రెండున్నర లీటర్లు, అంటే గంటకు 9 ఘనపు మీటర్లు. ఆ లెక్కన పూర్తి తడికి 22 గంటలన్నర పడుతుంది. బకెట్ మోటారు దగ్గర కాదు, పొలంలో నీరు పడేచోట పెట్టాలి. దారిలో కారిపోయేది అప్పుడే తెలుస్తుంది.

కాబట్టి వానలు ఆదుకున్నంతకాలం కుంట నీరు ముట్టకండి. పూత, పీచు దశలో ఎద్దడి వస్తే గింజ సరిగా కట్టదు, ఆ తడికి దాచుకోండి. అప్పుడు కూడా సాలు విడిచి సాలు తడపండి. కుంట ఎండినప్పుడు నడి లోతులోనూ అడుగునా పొడవు, వెడల్పు టేపుతో కొలిచి గుణించి, పై లెక్కలో 49, 16 బదులు మీ అంకెలు వేసి చూసుకోండి.